మీ ఊళ్లో ఒకరోజు కార్టూన్ ప్రదర్శన: తేదీ ఖాయం చేయడం నుంచి చివరి పార్సిల్ పంపడం దాకా

కార్టూనిస్టుల కలయిక ఎక్కడ జరిగినా, అయిపోయాక ఇద్దరు ముగ్గురు పక్కకు పిలిచి ఒకటే అడుగుతారు. "మా ఊళ్లోనూ పెట్టాలని ఉందండీ, ఎక్కడ మొదలుపెట్టాలి?" నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి ఇక్కడ వరసగా రాస్తున్నాను.

లెక్కకు ఒక కొలత పెట్టుకుందాం: 20 మంది కార్టూనిస్టులు, 60 కార్టూన్లు, ఒక హాలు, ఒక రోజు, పని చేసేవాళ్లు ఆరుగురు. మొదటిసారికి ఇంతకంటే పెద్దది తలకెత్తుకోవద్దు.

ఒక మాట ముందే చెప్తాను. మన దగ్గర డబ్బూ టెన్షనూ చాలావరకు వేదిక మీదికే పోతాయి. శాలువాలు, మెమెంటోలు, ముఖ్య అతిథి, ఆయన వెనక ఫ్లెక్సీ. కార్టూన్లు మాత్రం ముందు రోజు రాత్రి పదకొండింటికి ఎవరో కుర్రాడు టేపుతో అంటిస్తాడు. దీన్ని తిరగేయండి. వచ్చినవాళ్లు చూసేది గోడ. సమయమైనా డబ్బైనా ముందు గోడకి, మిగిలింది వేదికకి.

## 1. తేదీ, హాలు

మే 20 తెలుగు కార్టూనిస్టుల దినోత్సవం, తొలి తెలుగు కార్టూనిస్టు తలిశెట్టి రామారావు గారి పుట్టినరోజు. మే 5 ప్రపంచ కార్టూనిస్టుల దినం. డిసెంబర్ 15 బాపు గారి పుట్టినరోజు. కార్టూనిస్టులు తమలో తాము కలుసుకోవడానికి మే నెల బాగానే ఉంటుంది. పిల్లలు రావాలంటే మాత్రం బడులు ఉండవు, పైగా ఆ ఎండలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా హాలు ఖాళీ. మేలోనే పెట్టాలనుకుంటే ఉదయం 9 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8 అని రెండు పూటలుగా పెట్టండి.

నన్నడిగితే నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య ఒక రెండో శనివారం, సంక్రాంతి వారం వదిలేసి. జూలై, ఆగస్టుల్లో తేమకు కాగితం అంచులు లేస్తాయి. విజయవాడలో జనవరి మొదట్లో, హైదరాబాద్‌లో డిసెంబర్‌లో పుస్తకాల పండగ జరుగుతుంది. ఆ ఊళ్లవాళ్లు ఆ పుస్తకాల పండగ ప్రాంగణంలోనే చోటు అడగొచ్చు, జనాన్ని వెతుక్కోనక్కర్లేదు.

హాలు చూడటానికి వెళ్లేటప్పుడు కొలత టేపు పట్టుకెళ్లండి. కుర్చీలు ఎన్ని పడతాయని కాదు, ఖాళీ గోడ ఎన్ని మీటర్లుందో కొలవండి. గ్రంథాలయం హాలు, కళాశాల సెమినార్ హాలు మంచివి. కల్యాణ మండపంలో గోడ నిండా అద్దాలు, పూల చెక్కడాలు ఉంటాయి కాబట్టి అది ఆఖరి దారి.

హాలు దగ్గర అడగాల్సినవి:

- ముందు రోజు సాయంత్రం నుంచే తాళం ఇస్తారా? అద్దె ఎన్ని పూటలకు?
- మేకులు కొట్టనిస్తారా? టేపు అంటించనిస్తారా?
- కిటికీలు ఏ వైపు? మధ్యాహ్నం ఎండ ఏ గోడ మీద పడుతుంది?
- కరెంటు పోతే జనరేటర్ ఉందా, దానికి విడిగా కట్టాలా?
- పెద్ద వయసువాళ్లకు మెట్లు లేని దారి ఉందా?
- నీళ్లు, మరుగుదొడ్లు?

చివరి రెండూ తేలిగ్గా తీసుకోవద్దు. వచ్చే కార్టూనిస్టుల్లో డెబ్బై దాటినవాళ్లు కొందరుంటారు.

## 2. పని పంచుకోవడం

"అందరం చూసుకుందాం" అంటే ఎవరూ చూసుకోరు. ఒక్కో పనికి ఒక్క పేరే రాయండి: కార్టూన్ల సేకరణ, ప్రింటు, గోడ, అతిథులూ ప్రయాణాలూ, డబ్బు, ఆ రోజు హాలు. సేకరణ చూసేవారికి ఓపిక ఎక్కువుండాలి. డబ్బు చూసేవారికి మొహమాటం తక్కువుండాలి.

## 3. కార్టూన్లు అడిగే ఉత్తరం

ఎనిమిది వారాల ముందు పంపండి. "మీ కార్టూన్లు పంపగలరు" అని ఒక్క వాక్యం రాస్తే ఒకరు పాతిక పంపుతారు, ఒకరు ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటో పంపుతారు, ఒకరు "ఏవి కావాలి?" అని మూడు సార్లు ఫోన్ చేస్తారు. తప్పు వాళ్లది కాదు, ఉత్తరానిది. ఇవన్నీ రాయండి:

- ఎన్ని: ఐదు పంపమనండి, మూడు ఎంచుకుంటామని చెప్పండి
- అంశం: ఒకటుంటే అదేమిటో, లేకపోతే "అంశం లేదు" అని
- ముందు అచ్చయినవి పనికొస్తాయా, కొత్తవే కావాలా
- అడ్డమా, నిలువా
- చివరి తేదీ (నిజమైన అవసరానికి పది రోజుల ముందు తేదీ వేయండి, ఎందుకో మీకే తెలుస్తుంది)
- కలం పేరు, అసలు పేరు, ఊరు
- ప్రదర్శించడానికి, ప్రచారంలో వాడటానికి అనుమతి ఇస్తున్నట్టు ఒక వాక్యం

కలం పేరుతో పాటు అసలు పేరు అడగమనడానికి కారణం ఉంది. గోడ మీద కలం పేరు ఉండాలి, రైలు టికెట్ మీద అసలు పేరు ఉండాలి. ఒకే సంతకంతో గీసేవాళ్లు ఇద్దరున్నా అప్పుడే బయటపడుతుంది.

పాల్గొనే కార్టూనిస్టుల దగ్గర రుసుం తీసుకోవద్దు. బొమ్మ ఇచ్చినవాడే ఎదురు డబ్బు కట్టడం నాకెప్పుడూ సబబుగా అనిపించలేదు.

## 4. ఫైళ్లు: సగం తంటా ఇక్కడే

ఏ3 సైజులో బాగా రావాలంటే ఫైలు 3508 × 4961 పిక్సెళ్లు ఉండాలి, అంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు). గీతలు లావుగా ఉంటే 200 డీపీఐ, అంటే 2339 × 3307 ఉన్నా నడుస్తుంది. సోషల్ మీడియాకు చేసుకున్న 1080 పిక్సెళ్ల వెడల్పు బొమ్మను ఏ3కి సాగదీస్తే అంగుళానికి 92 పిక్సెళ్లే దక్కుతాయి. ఫోన్‌లో ముచ్చటగా ఉన్న గీత గోడ మీద మెట్లుమెట్లుగా కనిపిస్తుంది.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే బొమ్మ కుంచించుకుపోతుంది. "డాక్యుమెంట్‌గా పంపండి" అని రాస్తే సరిపోదు, ఎలా పంపాలో మూడు స్క్రీన్‌షాట్లు తీసి ఉత్తరంతో పాటే పంపండి. ఈ ఒక్క పనితో నాకు సగానికి సగం ఫోన్లు తగ్గాయి.

కాగితం మీద గీసేవాళ్లను ఫొటో తీయమనకండి, స్కాన్ చేయించమనండి. నలుపు తెలుపు గీతలకు 600 డీపీఐ, రంగు బొమ్మలకు 300. వాళ్ల ఊళ్లో స్కానర్ లేకపోతే అసలు బొమ్మను స్పీడ్ పోస్టులో తెప్పించుకుని, మీరే స్కాన్ చేసి, అట్టల మధ్య పెట్టి తిరిగి పంపండి. గుండ్రంగా చుట్టి పంపొద్దు.

ఇక తెలుగు అక్షరాల సంగతి. కొందరు కాప్షన్ విడిగా టైపు చేసి, యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలో ఉన్న ఫైలు పంపుతారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో అది పిచ్చి గీతల్లా వస్తుంది. అందుకని కాప్షన్ బొమ్మలోనే కలిపి జేపెగ్ లేదా పీడీఎఫ్ పంపమనండి. దానితో పాటు అదే కాప్షన్‌ను యూనికోడ్‌లో (ఏ ఫోన్‌లోనైనా కనిపించే అక్షరాల్లో) ఒక మెసేజ్‌గా కూడా తీసుకోండి. ఒత్తు ఎగిరిపోతే జోకూ ఎగిరిపోతుంది కదా, ప్రింటుకు ముందు సరిచూసుకోవడానికి అది కావాలి.

ఫైలు రాగానే పేరు మార్చేయండి: వరస సంఖ్య, కలం పేరు, బొమ్మ సంఖ్య. "07_కలంపేరు_2" అలా. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ ఇదే" అనే పేర్లతో ఉన్న ఫైళ్ల మధ్య ఒక రాత్రంతా గడిపిన అనుభవంతో చెప్తున్నాను.

## 5. ఎంపిక

ముగ్గురు చాలు: ఒక కార్టూనిస్టు, ఒక పాఠకుడు, అసలు కార్టూన్లతో పరిచయం లేని ఒక మనిషి. మూడో మనిషికి అర్థం కాని కార్టూన్ గోడ మీద కూడా చాలామందికి అర్థం కాదు. నవ్వు రావాల్సిన పని లేదు, అర్థమైతే చాలు.

పేర్లు మూసిపెట్టి చూడండి. సంతకం కనిపిస్తే మొహమాటం మొదలవుతుంది.

వద్దనుకునేవి ఏవో ముందే రాసుకుని ఉత్తరంలోనే చెప్పాలి. కులాన్నీ, మతాన్నీ, వైకల్యాన్నీ ఎగతాళి చేసేవి నేను పెట్టను. నల్లగా ఉందనో లావుగా ఉందనో నవ్వేవీ, పెళ్లాం అప్పడాల కర్రతో గుమ్మంలో నిలబడేవీ తగ్గిస్తాను. నిషేధం అని కాదు, ఒకే గోడ మీద అలాంటివి ఎనిమిది వచ్చాయంటే చూసేవాళ్లకు విసుగు.

రాజకీయ కార్టూన్లకు విడిగా ఒక మాట. అన్ని పార్టీల మీదా ఉండేలా చూసుకోండి. ప్రభుత్వ హాలు తీసుకుంటే, ఎన్నికల నియమావళి అమలులో ఉండే రోజులు తగులుతాయేమో ముందే చూసుకోండి. తీసేయమని ఎవరైనా హాల్లోనే పట్టుబడితే ఎవరు మాట్లాడాలో ఆ పేరు కూడా ముందే అనుకోవాలి. అప్పటికప్పుడు ఆరుగురూ కలిసి వాదిస్తే చిన్నది పెద్దదవుతుంది.

ఎంపిక కానివాళ్లకు మీరే ఫోన్ చేసి చెప్పండి. గోడ మీద తన బొమ్మ కోసం వెతుక్కునే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

## 6. హక్కులు, అనుమతులు

పత్రికలో ఉద్యోగం చేస్తూ గీసిన కార్టూన్ ఎవరిది? 1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికలో ప్రచురించే హక్కు యజమానిది, మిగతా హక్కులు గీసినవారివి. ఆ ఒప్పందంలో ఏముందో గీసినవారికే తెలుస్తుంది కాబట్టి వారినే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మెసేజ్ అయినా చాలు.

కీర్తిశేషుల బొమ్మలు పెట్టాలంటే కుటుంబాన్ని అడగాలి. మన చట్టంలో హక్కు కళాకారుడు పోయాక మరో 60 ఏళ్లు ఉంటుంది. బాపు గారు 2014లో పోయారు, అంటే 2074 చివరి దాకా. "ఇంటర్నెట్‌లో దొరికింది" అన్నది అనుమతి కాదు.

మైకు వాడుతుంటే స్థానిక పోలీస్ స్టేషన్లో ముందే దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

## 7. ప్రింటు

ఏ3, మెరవని మ్యాట్ కాగితం, 170 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) లేదా ఆ పైన. లామినేషన్ వద్దు. ట్యూబ్‌లైటు వెలుగు దాని మీద తెల్లగా మెరిసి బొమ్మ కనిపించదు. డబ్బు ఉంటే 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ అట్ట) మీద అతికించండి. మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు, మరో ఊరికి పంపొచ్చు.

ముందు నాలుగు బొమ్మలు మాత్రమే ప్రింటు తీయించి ఒకటిన్నర మీటరు దూరం నుంచి కాప్షన్ చదవండి. చదవలేకపోతే అక్షరాలు పెంచమని కార్టూనిస్టును అడగాలి, మీరు మార్చకూడదు. అన్నీ సరిగ్గా ఉన్నాకే మిగతా 56.

ప్రతి బొమ్మ కింద చిన్న చీటీ: కలం పేరు, ఊరు, సంఖ్య. అంతే. బిరుదులు రాయడం మొదలుపెడితే చీటీ బొమ్మంత అవుతుంది.

## 8. గోడ

ముందు లెక్క. ఏ3 నిలువుగా 30 సెంటీమీటర్ల వెడల్పు, అడ్డంగా 42. మధ్యలో 15 సెంటీమీటర్ల ఖాళీ. సగం నిలువు, సగం అడ్డం అనుకుంటే బొమ్మకు సగటున 51 సెంటీమీటర్లు. 60 బొమ్మలు రెండు వరసల్లో పెడితే ఒక్కో వరసలో 30, అంటే సుమారు 15 మీటర్ల గోడ. 12 × 8 మీటర్ల హాలు చుట్టుకొలత 40 మీటర్లు. తలుపులు, కిటికీలు, వేదిక పోతే 20 మిగులుతుంది. సరిపోతుంది, కానీ మూడో వరసకు ఆశపడొద్దు.

ఎత్తు: నేల నుంచి 150 సెంటీమీటర్ల దగ్గర దారం లాగి కట్టండి. పై వరస దాని పైన, కింది వరస దాని కింద. కింది వరసలో పిల్లలకు నచ్చేవి పెట్టండి, వాళ్ల కంటికి అదే అందుతుంది.

వరస: కాప్షన్ లేని కార్టూన్లతో మొదలుపెట్టండి. గుమ్మం దగ్గర రద్దీ ఉంటుంది, అక్కడ నిలబడి చదవడం కష్టం. చదవాల్సినవీ, వరస గళ్లలో సాగే స్ట్రిప్పులూ లోపలి గోడకి. ఒకరి మూడు బొమ్మలూ ఒకే చోట పెట్టడం మర్యాదగా ఉంటుంది, చూసేవాడికి ఆయన గీత కూడా పట్టుబడుతుంది. ఒకే విషయం మీద ఇద్దరు గీసిన కార్టూన్లు మాత్రం పక్కపక్కన పెట్టొద్దు, రెండో జోకు చచ్చిపోతుంది.

ఒక్కో బొమ్మకు అర నిమిషం వేసుకున్నా 60 బొమ్మలకు అరగంట. మధ్యలో నాలుగు కుర్చీలు వేయండి.

అతికించడం: మేకులు కొట్టనివ్వకపోతే టెంట్ హౌస్ వాళ్ల దగ్గర చెక్క ఫ్రేములకు గుడ్డ బిగించి తెప్పించండి. లేత రంగు సాదా గుడ్డ అని గట్టిగా చెప్పండి, లేకపోతే పెళ్లి పందిరి కుచ్చిళ్లు వస్తాయి. కాగితం ప్రింట్లకు గుండుసూదులు, సన్‌బోర్డుకు తాడు, క్లిప్పులు. రెండు వైపులా అంటుకునే టేపు సున్నం గోడ మీద రెండు గంటలు కూడా ఆగదు, ఆయిల్ పెయింట్ గోడ మీదైతే ఊడేటప్పుడు రంగుతో సహా వస్తుంది.

గోడ పెట్టెలో ఉండాల్సినవి:

- కొలత టేపు, దారం, సుద్దముక్క
- గుండుసూదులు, క్లిప్పులు, కత్తెర, పురికొస
- ఎక్కడానికి గట్టి స్టూలు
- చీటీల రెండో సెట్టు
- పెన్‌డ్రైవ్‌లో అన్ని ఫైళ్లు, దగ్గర్లోని ప్రింటు షాపు నంబరు
- ఎక్స్‌టెన్షన్ బాక్సు

పని ముందు రోజు మధ్యాహ్నం మూడింటికి మొదలైతే రాత్రి ఎనిమిదికి అవుతుంది. అయ్యాక ఫ్యాన్లన్నీ వేసి పావుగంట చూడండి. ఏవి ఊగుతాయో, ఏవి రాలతాయో అప్పుడే తెలిసిపోతుంది.

## 9. ఆ రోజు

మా మొదటి ప్రదర్శనలో గుమ్మానికి రిబ్బన్ కట్టాం. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యం. ఒక బడి నుంచి వచ్చిన ఎనభై మంది పిల్లలు వరండాలో కూర్చుని, బస్సు టైమైందని ఒక్క బొమ్మా చూడకుండా వెళ్లిపోయారు. అప్పటినుంచి రిబ్బన్ గుమ్మానికి కట్టం. తలుపులు 9:30కి తెరుచుకుంటాయి, అతిథి వచ్చినప్పుడు వేదిక మీద ప్రారంభం.

- 9:30 ప్రదర్శన మొదలు
- 11:00 సభ, నలభై నిమిషాలు, ముగ్గురే మాట్లాడతారు
- 12:00 కార్టూనిస్టులతో ముచ్చట, ప్రశ్నలు
- 1:00 భోజనం
- 2:30 పిల్లల తరగతి
- 4:00 కారికేచర్లు (వచ్చినవాళ్ల ముఖాల వ్యంగ్య చిత్రాలు)
- 7:00 ముగింపు

దీపం వెలిగించేటప్పుడు ఫ్యాను ఆపే మనిషిని ముందే అనుకోండి. సన్మానాలుంటే శాలువాలన్నీ ఒకేసారి. మధ్యాహ్నం ముచ్చటలో ఒక్కొక్కరు తమ బొమ్మ ఒకటి చూపించి, ఆలోచన ఎలా వచ్చిందో ఐదు నిమిషాలు చెప్పమనండి. ఉపన్యాసాల కంటే ఇది పదింతలు బాగుంటుంది, జనం కదలరు.

## 10. మూడు బల్లలు

కారికేచర్ బల్ల. ఒక్కో ముఖానికి ఆరు నిమిషాలు, టీ విరామం కాక రెండు గంటలకు ఇరవై టోకెన్లు. టోకెన్ మీద సమయం రాయండి. పది అయ్యాక టీ, చేతికి విశ్రాంతి. గీసేవారికి పారితోషికం ఇవ్వండి. "నాదొక్కటి గీసిపెట్టండి సార్" అని భోజనం దగ్గర పట్టుకునేవాళ్ల నుంచి ఆయన్ని కాపాడే బాధ్యత కూడా మీదే.

పిల్లల బల్ల. ఇరవై ఐదు మందికి మించొద్దు. కాగితాలు, 2బీ పెన్సిళ్లు, నల్ల స్కెచ్ పెన్నులు. రబ్బరు ఇవ్వకండి, చెరుపుతూ కూర్చుంటారు. ఒకే గుండ్రటి ముఖం, ఆరు భావాలు: కనుబొమలు, నోరు మాత్రమే మారాలి. గంటలో అందరికీ వస్తుంది. గీసినవి అక్కడే తాడుకు క్లిప్పులతో తగిలించండి, సాయంత్రానికి అమ్మానాన్నలు కూడా వస్తారు.

పాత పత్రికల బల్ల. కామిక్స్ అభిమానులకు అసలు పండగ ఇదే. పాత చందమామలు, వారపత్రికల దీపావళి సంచికలు తెచ్చుకోమనండి. రెండు రంగుల చీటీలు పెట్టండి: ఒకటి "మార్పిడికి", ఇంకోటి "చూడటానికి మాత్రమే". ప్రతి పుస్తకంలో యజమాని పేరున్న చీటీ. పెళుసుబారిన పేజీలున్నవాటికి ఫొటోకాపీ పెట్టి అసలుది దాచండి. టీ కప్పు ఆ బల్ల దరిదాపులకు రాకూడదు.

## 11. డబ్బు

పద్దులు: హాలు, ప్రింట్లు, టెంట్ హౌస్, భోజనాలు, ప్రయాణాలు, పారితోషికాలు, పోస్టు, ప్రచారం. మొత్తంలో పదో వంతు చేతిలో ఉంచుకోండి. ప్రయాణ ఖర్చు అందరికీ ఇవ్వలేకపోతే, దూరం నుంచి వచ్చే పెద్దవాళ్లకు ముందు ఇవ్వండి, మిగతావాళ్లకు ఇవ్వలేమని ఉత్తరంలోనే చెప్పండి.

దాతల పేర్లన్నీ గుమ్మం బయట ఒకే బోర్డు మీద. కార్టూన్ల మధ్య నగల దుకాణం ప్రకటన పెట్టనివ్వకండి.

## 12. తప్పులు, మందులు

ముందు రోజు రాత్రి ఒక బొమ్మ కొత్తగా వచ్చింది. గోడ మీదికి తీసుకోవద్దు. ఒక్కదానికి ఒప్పుకుంటే పది వస్తాయి. ల్యాప్‌టాప్‌లో స్లైడ్ షో పెట్టి అందులో కలపండి.

చీటీ మీద పేరు తప్పు పడింది. దిద్దొద్దు, కొత్తది రాయండి. అందుకే ఖాళీ చీటీలు పది ఉంచుకోవాలి.

మధ్యాహ్నం జనం లేరు. పిల్లల తరగతిని ఆ సమయానికి జరపండి.

సభ సాగుతోంది, బొమ్మలు ఎవరూ చూడట్లేదు. కుర్చీలు అన్నీ వేదిక వైపే వేయడం వల్ల ఇలా అవుతుంది. గోడకూ కుర్చీలకూ మధ్య రెండు మీటర్ల దారి వదలండి.

ఎవరో బొమ్మల్ని ఫొటో తీసి సంతకం కత్తిరించి పంచుకుంటున్నారు. ఆపలేం. గుమ్మం దగ్గర "ఫొటోలు తీసుకోండి, కార్టూనిస్టు పేరుతో పంచుకోండి" అని రాస్తే చాలామంది పాటిస్తారు.

## 13. అయిపోయాక

వారంలోపు చేయాల్సినవి:

- అసలు బొమ్మలు అట్టల మధ్య పెట్టి తిరిగి పంపడం, అందాయో లేదో ఫోన్ చేసి అడగడం
- ప్రతి కార్టూనిస్టుకు తన బొమ్మ గోడ మీద ఉన్న ఫొటో ఒకటి
- రాలేకపోయినవారికి సర్టిఫికెట్ పోస్టులో
- జమాఖర్చుల కాగితం దాతలకు, పనిచేసిన ఆరుగురికి
- సన్‌బోర్డులు లెక్కపెట్టి, మధ్యలో కాగితాలు వేసి, నిలువుగా నిలబెట్టి దాచడం

వచ్చినవాళ్లతో వాట్సాప్ గ్రూపు పెట్టాలనుకుంటే మొదటి రోజే నియమం రాయండి: కార్టూన్లు, కామిక్స్, కార్యక్రమాల సమాచారం మాత్రమే. లేకపోతే మూడో వారానికి అందులో శుభోదయాలూ పూలగుత్తులూ తప్ప ఏమీ మిగలవు. నెలకోసారి గ్రంథాలయంలో పదిమంది కలిసి గీసుకునే ఏర్పాటు ఉంటే మరీ మంచిది, వచ్చే ఏడాది ఆ ఆరుగురి కోసం మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.